డీజిల్ పికప్‌తో పెద్ద క్యాంపర్ లాగాలంటే: పసుపు స్టిక్కర్ నుంచి ఘాట్ దిగేదాకా

కొత్తగా డీజిల్ ట్రక్కు కొన్నవాళ్లు ముందుగా అడిగేది "ఇది ఎంత లాగుతుంది?" అని. నిజానికి ఈ కాలపు డీజిల్ ఇంజన్లకి లాగడం పెద్ద విషయం కాదు. ఫోర్డ్‌లో వచ్చే 6.7 లీటర్ల పవర్‌స్ట్రోక్, రామ్‌లో వచ్చే 6.7 లీటర్ల కమిన్స్, షెవర్లే, జీఎంసీల్లో వచ్చే 6.6 లీటర్ల డ్యూరామ్యాక్స్, ఏదైనా సరే 30 అడుగుల క్యాంపర్‌ని, అంటే లోపలే పడుకుని వండుకునే ట్రైలర్‌ని, కొండమీదికి సులువుగా లాక్కెళ్తుంది. అడగాల్సిన ప్రశ్నలు వేరే రెండున్నాయి. ట్రక్కు వెనక ఇరుసు మీద ఎంత బరువు పెట్టొచ్చు? ఆ మొత్తం బరువుని దిగుడులో ఎలా ఆపుతాం? ఈ రెండూ తేల్చుకోకుండా ట్రైలర్‌కి అడ్వాన్స్ కట్టొద్దు.

డాలస్‌లో ఉంటూ, వేసవి సెలవుల్లో ఇద్దరు పిల్లల్ని తీసుకుని కొలరాడో కొండల్లోకి వెళ్లాలనుకునే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వేరే ఊళ్లో ఉన్నా లెక్క ఇదే, దారి పేర్లు మాత్రం మారతాయి.

ముందు పసుపు స్టిక్కర్ చూడండి

డ్రైవర్ తలుపు తీస్తే డోర్ ఫ్రేమ్ మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద ఉంటుంది. అదే మీ ట్రక్కు పేలోడ్. ఒకే మోడల్ ట్రక్కుల్లో కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, లెదర్ సీట్లు, ఇలా ఏది చేరితే ఆ మేరకు పేలోడ్ తగ్గుతుంది. డీజిల్ ఇంజన్ గ్యాస్ (పెట్రోలు) ఇంజన్ కంటే బరువు కాబట్టి, అదే స్థాయి ట్రక్కులో డీజిల్‌ది చాలాసార్లు కొన్ని వందల పౌండ్లు తక్కువే ఉంటుంది. డీజిల్ కదా ఎక్కువ మోస్తుందనుకుని కొన్నవాళ్లు ఇక్కడే కంగుతింటారు.

డీలర్ చూపించే బ్రోషర్‌లో టోయింగ్ కెపాసిటీ అని 15,000 పౌండ్లో, అంతకంటే ఎక్కువో రాసి ఉంటుంది. అది అబద్ధమేమీ కాదు. ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి ఇస్తారు. ఆ పరీక్షలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎత్తు ఎక్కడం కూడా ఒక భాగం. కాకపోతే ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది డ్రైవరు, పక్కన ఒక మనిషి, ఇద్దరూ తలా 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలు, వెనకుండే తెరిచిన తొట్టిలో, అంటే బెడ్‌లో జనరేటరు, కూలరు, సైకిళ్లు ఆ లెక్కలోకి రావు.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ముప్పావు టన్ను ట్రక్కు, అంటే ఎఫ్-250 లాంటిదో రామ్ 2500 లాంటిదో అనుకోండి. గరిష్ట బరువు 10,000 పౌండ్లు, స్టిక్కర్ మీద పేలోడ్ 2,100. ట్రైలర్ 33 అడుగులది, పిల్లలకి బంక్ పడకలున్నది, సామానంతా సర్దాక 9,300 పౌండ్లు. మామూలు ట్రావెల్ ట్రైలర్‌కి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే భాగం) మీద, అంటే ట్రక్కు మీద పడాలి. 13 శాతం వేసుకుంటే దాదాపు 1,210 పౌండ్లు. మనుషులు నలుగురూ కలిపి 460, బరువుని పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (దాని సంగతి కింద చెబుతాను) ఒక 100, బెడ్‌లో సామాను 200. మొత్తం 1,970. ఇక మిగిలింది 130 పౌండ్లే. అంటే 15,000 పౌండ్లు లాగగల ట్రక్కుకి 9,300 పౌండ్ల ట్రైలర్ తగిలించేసరికి మోసే లెక్క దాదాపు అయిపోయింది.

ఇదే ట్రక్కుకి 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్, అంటే బంపర్ దగ్గర కాకుండా ట్రక్కు బెడ్ లోపలే తగిలించే ట్రైలర్, తగిలిద్దామనుకుంటే ఇంకా కష్టం. ఫిఫ్త్ వీల్‌లో బరువు నేరుగా బెడ్ మధ్యలో, వెనక ఇరుసు మీద పడుతుంది. అది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 20 శాతం వేసినా 2,400 పౌండ్లు, మనుషులు ఎక్కకముందే పేలోడ్ దాటిపోయింది. పెద్ద ఫిఫ్త్ వీల్ మీద మనసుంటే దీనికంటే పై తరగతి అయిన వన్ టన్ ట్రక్కు, చాలాసార్లు వెనక నాలుగు చక్రాలున్న డ్యూయలీ చూసుకోవాలి. "ఎయిర్ బ్యాగులు వేయిస్తే సరిపోతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి వెనక భాగం కుంగకుండా చూస్తాయంతే, ఇరుసుకీ టైర్లకీ ఉన్న పరిమితిని పెంచవు.

ట్రైలర్ మీద రాసిన బరువులు

అమ్మేవాళ్లు చెప్పేది డ్రై వెయిట్, అంటే ఖాళీ బరువు. దాన్ని పక్కన పెట్టండి. బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు, నీళ్లు, వంట సామాను, పరుపులు చేరాక ఏ ట్రైలరూ ఆ బరువుతో నడవదు. మీరు చూడాల్సింది జీవీడబ్ల్యూఆర్, అంటే ఆ ట్రైలర్ గరిష్టంగా ఎంత ఉండొచ్చన్న అంకె. కొనేముందు లెక్కంతా దాంతోనే వేయండి.

మన ఇళ్లలో ఈ సామాను లెక్క కాస్త ఎక్కువే ఉంటుంది. బియ్యం బస్తా, వెట్ గ్రైండర్, రెండు కుక్కర్లు, పచ్చళ్ల సీసాలు, పప్పులు, పిండ్లు అన్నీ కలిపితే ఒక మనిషి బరువు దాటడం కష్టమేమీ కాదు. తీసుకెళ్లొద్దనడం లేదు, రోజంతా కొండల్లో తిరిగొచ్చాక వేడి అన్నంలో పప్పు వేసుకుంటే వచ్చే తృప్తి వేరు. ఎక్కడ పెడుతున్నారన్నదే ముఖ్యం. బరువైనవి కింద, ఇరుసుల మీదో వాటికి కొంచెం ముందో పెట్టండి. పల్లెల్లో ఎడ్లబండికి సామాను ఎత్తేవాళ్లకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు, వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, బండి అదుపులో ఉండదు. ట్రైలర్‌కీ అంతే. వెనక బంపర్ మీద నాలుగు సైకిళ్ల ర్యాక్ కట్టి, వెనక బంకుల కింద గ్రైండరూ బియ్యం పెట్టేస్తే హిచ్ మీద పడాల్సిన బరువు తగ్గిపోయి, హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది.

నీళ్లు కూడా లెక్కలో వేయండి. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 50 గ్యాలన్ల ట్యాంకు నింపితే 400 పౌండ్ల పైమాటే. క్యాంప్ గ్రౌండ్‌లో కుళాయి ఉంటే దారిలో బాత్రూం అవసరానికి సరిపడా కొన్ని గ్యాలన్లు చాలు. ట్యాంకు ఇరుసులకి ముందుందా వెనకుందా అన్నది కూడా చూసి పెట్టుకోండి, దాన్నిబట్టి హిచ్ బరువు మారుతుంది.

హిచ్, గొలుసులు, తెగితే ఆపే తీగ

ట్రావెల్ ట్రైలర్ పెద్దదైతే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తప్పనిసరి అనే నా అభిప్రాయం, అందులోనూ ఊగకుండా పట్టే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. ట్రైలర్ బరువు ట్రక్కు వెనక పడితే ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు పోతుంది. ఈ హిచ్‌కి ఉండే స్ప్రింగ్ బార్లు ఆ బరువులో కొంత ముందు ఇరుసుకీ, కొంత ట్రైలర్ ఇరుసులకీ పంచుతాయి. సరిగ్గా కట్టారో లేదో తెలుసుకోవాలంటే టేపుతో ముందు ఫెండర్ ఎత్తు మూడుసార్లు కొలవండి: ట్రైలర్ లేకుండా, బార్లు లేకుండా తగిలించి, బార్లు వేశాక. ముందు భాగం ఎంతవరకు వెనక్కి దిగాలన్నది మీ ట్రక్కు మాన్యువల్‌లో ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పక్కింటాయన ట్రక్కుకి కుదిరింది మీకు కుదరకపోవచ్చు. ట్రక్కు వెనక హిచ్ దూర్చే రిసీవర్ మీద కూడా ఒక స్టిక్కర్ ఉంటుంది, ఈ హిచ్ ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని. అదీ చదవండి.

తగిలించే వరస ఇదీ. ట్రైలర్ చక్రాలకి రెండు వైపులా చాక్స్ (దొర్లకుండా పెట్టే అడ్డు ముక్కలు) పెట్టి ఉండాలి. ట్రక్కు హిచ్ మీది గుండు, అంటే బాల్ మీదికి ట్రైలర్ ముక్కునున్న కప్లర్ దించి, లాచ్ వేసి, పిన్ను పెట్టాక ట్రైలర్ ముక్కుని ఎత్తే టంగ్ జాక్‌తో కాస్త పైకి ఎత్తండి. ట్రక్కు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తే లాక్ పడినట్టు, కప్లర్ ఒక్కటే లేచివస్తే పడనట్టు. ఇది అర నిమిషం పని, దీన్ని మాత్రం ఎప్పుడూ వదలొద్దు. అదే ఎత్తులో స్ప్రింగ్ బార్లు వేయడం కూడా తేలిక. తర్వాత సేఫ్టీ గొలుసులు ఒకదానిమీద ఒకటి వచ్చేలా అడ్డంగా తగిలించండి, కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది. బ్రేక్‌అవే తీగని గొలుసుకి కాకుండా ట్రక్కుకే విడిగా కట్టాలి. ట్రైలర్ పూర్తిగా విడిపోతే ఆ తీగ పిన్నుని లాగేసి, ట్రైలర్ బ్యాటరీతో బ్రేకులు పడేలా చేస్తుంది. ఆ బ్యాటరీలో ఛార్జ్ లేకపోతే ఇదంతా దండగే. ఆఖరున ఏడు పిన్నుల కరెంటు ప్లగ్గు, లైట్లన్నీ ఎవరైనా వెనక నిలబడి చూడాలి.

ఫిఫ్త్ వీల్ అయితే వెనక్కి వచ్చేముందు టెయిల్‌గేట్ దించడం మర్చిపోవద్దు. హిచ్ దవడలు ట్రైలర్ కింద ఉండే కింగ్‌పిన్ అనే లావు పిన్నుని పూర్తిగా పట్టాయో లేదో టార్చి వేసి కంటితో చూడండి. చాక్స్ అలాగే ఉంచి, ముందు కాళ్లు నేలని తాకుతుండగానే, ట్రైలర్ బ్రేక్ పట్టి ట్రక్కుని కొద్దిగా ముందుకి లాగి చూస్తే లాక్ పడిందో లేదో తేలిపోతుంది. ఆరున్నర అడుగుల బెడ్ ఉన్న ట్రక్కయితే బాగా మలుపు తిప్పినప్పుడు ట్రైలర్ మూల క్యాబిన్ అద్దానికి తగలొచ్చు, వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ కావాలా అన్నది కొనేటప్పుడే తేల్చుకోండి.

కాటా వేయించండి

ఇప్పటిదాకా వేసింది అంచనా. నిజమేంటో క్యాట్ స్కేల్ మీద తెలుస్తుంది. లవ్స్, ఫ్లయింగ్ జే లాంటి ట్రక్ స్టాపుల్లో ఉంటాయి, పెద్ద లారీల కోసం పెట్టినవే అయినా మనమూ వేయించుకోవచ్చు, డబ్బు ఫోన్ యాప్‌లో కట్టొచ్చు. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా తూచి చెబుతుంది. నీళ్లు, సామాను, పిల్లలతో సహా ప్రయాణానికి ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి, డీజిల్ ట్యాంకు కూడా నిండా ఉండాలి. మూడుసార్లు తూచాలి: బార్లు వేసి, బార్లు తీసి, ట్రైలర్‌ని పక్కన పార్క్ చేసి ట్రక్కు ఒక్కటే.

పై ఉదాహరణే తీసుకుంటే, ట్రక్కు ఒక్కటే ముందు 5,000, వెనక 3,660, మొత్తం 8,660 వచ్చిందనుకోండి. బార్లు లేకుండా తగిలిస్తే ముందు 4,540, వెనక 5,340, ట్రైలర్ ఇరుసుల మీద 8,080. ట్రక్కు ఇరుసులు రెండూ కలిపితే 9,880, అందులోంచి 8,660 తీసేస్తే హిచ్ మీద పడిన బరువు 1,220. ట్రైలర్ మొత్తం 9,300, అంటే 13 శాతం, బాగుంది. ముందు చక్రాలు మాత్రం 460 పౌండ్లు తేలికయ్యాయి. బార్లు వేశాక ముందు 4,780, వెనక 4,960, ట్రైలర్ 8,220 అయితే పోయినదాంట్లో సగానికి పైగా ముందుకి తిరిగొచ్చినట్టు. ట్రక్కు మొత్తం 9,740, దాని పరిమితి 10,000 లోపే. ప్రతి ఇరుసుకీ డోర్ ఫ్రేమ్ మీద విడిగా పరిమితి రాసి ఉంటుంది, దాంతోనూ పోల్చి చూడండి.

ఈ కాగితం చేతిలో ఉంటే టెన్షన్ చాలావరకు పోతుంది. అందుకే మొదటి ప్రయాణానికి ముందే, ఏదో ఒక వారాంతం ఊళ్లోనే ఈ పని పెట్టుకోమంటాను.

బ్రేకులు, టైర్లు

పెద్ద ట్రైలర్లకి సొంత ఎలక్ట్రిక్ బ్రేకులుంటాయి, ట్రక్కులోని బ్రేక్ కంట్రోలర్ వాటికి ఎంత బలంగా పట్టాలో చెబుతుంది. గెయిన్ అనే అంకె ప్రతి ట్రైలర్‌కీ, బరువుకీ మారుతుంది కాబట్టి సామాను సర్దాకే పెట్టుకోవాలి. ఖాళీగా ఉన్న చదును చోట 20 నుంచి 25 మైళ్ల వేగంతో వెళ్తూ ట్రక్కు బ్రేక్ తొక్కకుండా కంట్రోలర్ మీదున్న లివర్ మాత్రమే నొక్కండి. ట్రైలర్ వెనక్కి గట్టిగా లాగినట్టు తెలియాలి కానీ చక్రాలు బిగుసుకుని జారకూడదు. జారితే గెయిన్ తగ్గించండి, ఏమీ తెలియకపోతే పెంచండి. వానలో, కంకర రోడ్డు మీద మళ్లీ కాస్త తగ్గించుకోవాలి.

ట్రైలర్ టైర్ల సంగతి చాలామంది చూడరు, రోడ్డు పక్కన ఆగిపోయిన క్యాంపర్లని చూస్తే ఎక్కువగా అక్కడే సమస్య. వాటి మీద ఎస్‌టీ అని ఉంటుంది, ట్రైలర్ల కోసమే చేసినవి. చాలావాటికి గరిష్ట వేగం 65 మైళ్లే, కొత్తవాటిలో కొన్నిటికి ఎక్కువ. టైరు మోసే బరువు తరగతి, అంటే లోడ్ రేంజ్, 'E' అయితే సాధారణంగా చల్లగా ఉన్నప్పుడు గాలి 80 పీఎస్‌ఐ. ఎండలో నడిచి వేడెక్కాక గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేయకండి. అరుగుదల లేకున్నా వయసైపోతే టైరు పేలుతుంది, టైరు పక్కన డీఓటీ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. ఉదాహరణకి 1822 అంటే 2022లో 18వ వారం. అయిదారేళ్లు దాటితే నేనైతే మార్చేస్తాను. టైరు పేలితే చక్రం దగ్గరి రేకు, కింద పైపులు, వైర్లు కూడా చీలిపోతాయి, ఆ రిపేరు ఖర్చుతో కొత్త టైర్ల సెట్టు రావచ్చు. గాలి, వేడి చూపించే టీపీఎంఎస్ సెన్సర్లు ట్రైలర్‌కి పెట్టించడం ఈ మొత్తం జాబితాలో నేను అన్నిటికంటే ముందు చెప్పే ఖర్చు.

కొత్త ట్రైలర్, లేదా చక్రాలు విప్పి బిగించిన ట్రైలర్ అయితే మొదటి 50 మైళ్లలోపే టార్క్ రెంచితో నట్లు మళ్లీ బిగించాలి. ఆగిన ప్రతిచోటా హబ్‌ల దగ్గర వేడి చూడండి, చవక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. మూడు చక్రాలు ఒకలా, ఒకటి మాత్రం బాగా వేడిగా ఉంటే బేరింగో, బ్రేకో పట్టేసిందని అర్థం.

లైసెన్స్, పిల్లలు

టెక్సాస్‌లో ట్రక్కు, ట్రైలర్ కలిపిన రేటింగ్ (కంపెనీ రాసిన గరిష్ట బరువు) 26,001 పౌండ్లు చేరి, ట్రైలర్ రేటింగ్ 10,000 దాటితే మామూలు లైసెన్స్ సరిపోదు, కమర్షియల్ కాని క్లాస్ ఏ తీసుకోవాలి. కాలిఫోర్నియాలో 10,000 పౌండ్ల రేటింగ్ దాటిన ట్రావెల్ ట్రైలర్‌కి కూడా అలాంటిదే కావాలి, పైగా అక్కడ ట్రైలర్ లాగే వాహనం 55 మైళ్లు దాటకూడదు. పిల్లలు బంకుల్లో పడుకుంటామని గొడవ చేస్తారు, ఒప్పుకోవద్దు. నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులుండటం టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో నిషేధం. చట్టం సంగతి అలా ఉంచినా, అందులో సీటు బెల్టు ఉండదు.

రోడ్డెక్కాక

డాలస్ నుంచి కొలరాడోకి ఎక్కువమంది వెళ్లేది 287 హైవే మీద విచిటా ఫాల్స్, అమరిల్లో, డూమస్ మీదుగా. అక్కణ్నుంచి 87 పట్టుకుని డాల్‌హార్ట్, క్లేటన్ దాటి రటోన్ దగ్గర ఐ-25 ఎక్కుతారు. ఈ దారిలో మొదటి పరీక్ష కొండలు కాదు, అమరిల్లో చుట్టుపక్కల గాలి. చెట్టూ చేమా లేని మైదానం, పక్కనుంచి కొట్టే గాలికి 33 అడుగుల గోడ లాంటి ట్రైలర్ దొరుకుతుంది. వాతావరణ శాఖ గాలి హెచ్చరిక ఇచ్చిన రోజు ఆగిపోండి, క్యాంప్ గ్రౌండ్ బుకింగ్ ఒక రోజు పోయినా పరవాలేదు. తెల్లవారుజామున బయల్దేరితే గాలి సాధారణంగా తక్కువగా ఉంటుంది.

వేగం 65 దాటొద్దు. ముందు బండికి అయిదు సెకన్ల దూరం ఉంచండి, మధ్యలో ఎవరైనా దూరితే మళ్లీ వెనక్కి తగ్గండి. పెద్ద లారీ పక్కనుంచి దాటేటప్పుడు ముందు బయటికి నెట్టి, తర్వాత లోపలికి లాగుతుంది, స్టీరింగ్‌ని గట్టిగా తిప్పకుండా స్థిరంగా పట్టుకుంటే చాలు. టోయింగ్ అద్దాలు బయటికి లాగి పెట్టుకోవాలి, వెనక చక్రాలు అద్దంలో కనబడుతూ ఉండాలి. మలుపులో ట్రైలర్ లోపలికి కోసుకుంటూ వస్తుంది కాబట్టి ట్రక్కుని కాస్త ఎక్కువ ముందుకి తీసుకెళ్లి తిప్పండి. అదే సమయంలో ట్రైలర్ తోక ఎదురు వైపుకి ఊగుతుంది, పెట్రోలు బంకుల్లో స్తంభాలకి గీసుకునేది ఎక్కువగా ఇలాగే.

ట్రైలర్ ఊగడం మొదలైతే చేయాల్సిన పని మనసుకి తోచే దానికి పూర్తిగా వ్యతిరేకం. ట్రక్కు బ్రేక్ తొక్కకండి, ఊగే వైపుకి ఎదురు తిప్పకండి, వేగం పెంచి లాగేద్దామని అస్సలు చూడకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, కంట్రోలర్ లివర్‌తో ట్రైలర్ బ్రేక్ ఒక్కటే నొక్కండి. ట్రైలర్ వెనక్కి లాగి, వరసలోకి వస్తుంది. ఆ లివర్ ఎక్కడుందో చూడకుండానే చేయి వెళ్లేలా ఖాళీ పార్కింగ్ లాట్‌లో సాధన చేయండి. తర్వాత ఆగి ఎందుకు ఊగిందో తేల్చుకోవాలి: హిచ్ బరువు తక్కువా, వెనక సామాను ఎక్కువా, టైర్లో గాలి తగ్గిందా, లేక వేగమే ఎక్కువా.

ఎక్కడం తేలిక, దిగడమే పని

రటోన్ పాస్ 7,834 అడుగులు. డెన్వర్ దాటి ఐ-70 మీద పశ్చిమానికి వెళ్తే ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తున ఉంటుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడి టర్బో లేని ఇంజన్ వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం కోల్పోతుంది, టర్బో ఉన్న డీజిల్‌కి ఆ బాధ చాలా తక్కువ. బరువు లాగడానికి తగ్గట్టు గేర్లు మార్చే టో హాల్ మోడ్ వేసి, కుడి లేన్‌లో ఉంటూ, కూలెంట్, ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రతలు చూసుకుంటూ ఎక్కండి. వేడి పెరుగుతుంటే వేగం తగ్గించి, గేరు దించండి. పైకి ఎక్కగానే ఆగాల్సి వస్తే ఇంజన్ వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఊరికే నడవనివ్వండి, టర్బో చల్లబడాలి.

టన్నెల్ దాటగానే సిల్వర్‌థార్న్ దాకా దాదాపు 7 శాతం దిగుడు, బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన కంకర ర్యాంపులు కూడా కట్టారు. 18,000 పౌండ్ల బండి అక్కడ బ్రేకుల మీదే ఆధారపడితే కొన్ని మైళ్లకే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. అందుకే వేగం తగ్గించాల్సింది దిగుడు మొదలయ్యాక కాదు, పైనే. ఎగ్జాస్ట్ బ్రేక్ వేయండి. ఇది పొగ బయటికి పోయే దారిని బిగించి, ఆ ఒత్తిడితో ఇంజన్‌నే బ్రేక్‌గా మారుస్తుంది, పెద్ద డీజిల్ పికప్‌లు కొనడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. గేరు కిందికి దించి, 40-45 మైళ్ల దగ్గర నిలబెట్టుకోండి. ఆ వేగం దాటుతుంటే బ్రేక్‌ని అదేపనిగా పట్టి ఉంచకుండా గట్టిగా ఒకసారి తొక్కి, అయిదారు మైళ్లు తగ్గించి, పూర్తిగా వదిలేయండి. చక్రాలు చల్లబడటానికి సమయం దొరుకుతుంది. మళ్లీ పెరిగితే మళ్లీ అలాగే. వెనక కార్లు బారులు తీరినా పట్టించుకోకండి. తిరుమల ఘాట్ దిగే బస్సు డ్రైవర్లని గమనించినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, వాళ్లూ గేరు మీదే దిగుతారు.

ఎగ్జాస్ట్ బ్రేక్ ట్రక్కు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, ట్రైలర్ చక్రాలని కాదు. మంచు లేదా బాగా జారే రోడ్డు మీద వెనక చక్రాలు జారి ట్రైలర్ పక్కకి నెట్టే ప్రమాదం ఉంది, అక్కడ దాన్ని ఆపేసి ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. నిజం చెప్పాలంటే మంచులో పెద్ద ట్రైలర్‌తో కొండెక్కొద్దు, అంతే.

డీజిల్, యూరియా

ట్రైలర్‌తో గ్యాలన్‌కి 9 నుంచి 12 మైళ్లు వస్తే బాగా వచ్చినట్టే. సగం ట్యాంకు దగ్గరే నింపుకోండి. ట్రక్ స్టాపుల్లో లారీల వైపు చోటు విశాలంగా ఉంటుంది, డీఈఎఫ్ (పొగని శుభ్రం చేయడానికి విడి ట్యాంకులో పోసే యూరియా ద్రవం) కూడా పంపు నుంచే చవగ్గా దొరుకుతుంది. ఆ వైపు డీజిల్ పైపు లావుగా, వేగంగా ఉంటుంది, మీ ట్రక్కు మూతికి పట్టకపోవచ్చు, పట్టినా నురగ వచ్చి పొర్లొచ్చు కాబట్టి నెమ్మదిగా. హ్యాండిల్ ఆకుపచ్చగా ఉంది కదా అని డీజిల్ అనుకోకండి, బీపీ బంకుల్లో గ్యాస్ హ్యాండిల్ ఆకుపచ్చ. రంగు కాకుండా అక్షరాలు చదవండి. పొరపాటున గ్యాస్ పడినా, నీలం మూతలో పోయాల్సిన డీఈఎఫ్ డీజిల్ ట్యాంకులో పడినా స్టార్ట్ చేయకుండా టో ట్రక్కుని పిలవడమే మంచిది, తాళం తిప్పితే ఇంజెక్షన్ వ్యవస్థ మొత్తం పోతుంది. డీఈఎఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. 12 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుతుంది, ట్రక్కు దాన్ని తనే వేడి చేసుకుంటుంది, భయపడక్కర్లేదు. ఘాట్ ఎక్కి వచ్చాకో, రీజెన్ (పొగ ఫిల్టర్లో చేరిన మసిని ట్రక్కు తనే కాల్చేసుకోవడం) జరుగుతున్నప్పుడో ఎండుగడ్డి మీద పార్క్ చేయకండి, కింద పైపు మండిపోతూ ఉంటుంది.

దారి ముందే చూసుకోండి

ఫోన్ మ్యాప్ మీకు కారు ఉందనుకునే దారి చెబుతుంది. మీ ఎత్తు టేపుతో కొలిచి, ఏసీ పైభాగంతో సహా, అద్దం మూలన రాసి పెట్టుకోండి. పెద్ద ఫిఫ్త్ వీల్ 13 అడుగులు దాటొచ్చు. గ్లేషియర్ పార్క్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద అవలాంచ్, రైజింగ్ సన్‌ల మధ్య 21 అడుగులకి మించిన బండ్లకి ప్రవేశం లేదు. న్యూజెర్సీ, వర్జీనియాల మధ్య తిరిగే మనవాళ్లు బాల్టిమోర్ గుర్తుంచుకోవాలి: హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్ రెండింటిలోనూ క్యాంపర్లకుండే పెద్ద ప్రొపేన్ సిలిండర్లని అనుమతించరు. ఇదివరకు కీ బ్రిడ్జి మీదుగా వెళ్లేవాళ్లు, అది 2024 మార్చిలో ఓడ ఢీకొని కూలిపోయింది కాబట్టి ఐ-695 పశ్చిమ వైపు చుట్టూ వెళ్లాలి. న్యూయార్క్ పార్క్‌వేలు, కనెటికట్ మెరిట్ పార్క్‌వే మీద ట్రైలర్లు పూర్తిగా నిషేధం, వంతెనలు కూడా తక్కువ ఎత్తు.

చేరాక, మళ్లీ బయల్దేరేటప్పుడు

సైట్ డ్రైవర్ వైపు ఉండేలా వస్తే వెనక్కి పెట్టడం తేలిక, ట్రైలర్ వెనక భాగం కిటికీలోంచి కనబడుతుంది. చేయి స్టీరింగ్ కింది భాగంలో పెట్టండి, ట్రైలర్ వెనక భాగం ఏ వైపు పోవాలో చేతిని ఆ వైపు జరపండి. కొంచెం కొంచెంగా తిప్పాలి. అనుమానం వస్తే ఆపి, దిగి, చూసి రండి, పైన కొమ్మలు కూడా. వెనక నిలబడి చెప్పేవాళ్లతో ముందే మాట్లాడుకోండి, అద్దంలో వాళ్లు కనబడకపోతే ట్రక్కు కదలకూడదు. అరుపుల బదులు ఫోన్ కాల్‌లో ఉంటే ఇంట్లో శాంతి కూడా మిగులుతుంది.

ముందు ఎడమ, కుడి సమం చేయాలి, తక్కువగా ఉన్న వైపు చక్రాల కింద బ్లాకులు పెట్టి. తర్వాత చాక్స్. ఆ తర్వాతే ట్రక్కు విడదీయడం. ఈ వరస మారితే ట్రైలర్ దొర్లిపోతుంది. స్ప్రింగ్ బార్లు తీసేముందు జాక్‌తో ముక్కుని ట్రక్కుతో సహా ఎత్తి వాటి మీది బిగువు తగ్గించండి, బిగువు మీద ఉన్న బార్ తన్నితే ఎముక విరుగుతుంది. ట్రక్కు జరిపాక ముందు వెనకలు సమం చేసి, ట్రైలర్ కదలకుండా పట్టే స్టెబిలైజర్లు దించి, పక్కకి జరిగి గదిని వెడల్పు చేసే స్లైడ్లు తెరవండి.

వెళ్లే రోజు కరెంటు తీగ, నీళ్ల పైపు, మురుగు పైపు, మెట్లు, యాంటెన్నా, పైకప్పు వెంట్లు, స్లైడ్లు, ఫ్రిజ్ తలుపు, చాక్స్ చూడాలి, ఒక్కరే ఒక చుట్టు తిరిగి చేత్తో తాకి చూడాలి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి. తగిలించాక ట్రైలర్ పొడవంత ముందుకి లాగి ఆపండి, దిగి ఖాళీ సైట్‌లో ఏమైనా మర్చిపోయారేమో చూసి, లైట్లు మరోసారి చూసి, గేటు దాటేలోపు నడక వేగంలో కంట్రోలర్ లివర్ ఒకసారి నొక్కండి. ట్రైలర్ వెనక్కి లాగినట్టు తెలిస్తే రోడ్డెక్కండి, తెలియకపోతే అక్కడే ఆగి ఏడు పిన్నుల ప్లగ్గుతో మొదలుపెట్టి ఎందుకో చూసుకోండి.